జ్వరం తగ్గింది, క్రిమి చావలేదు: ఒక మెలియాయిడోసిస్ కేసు

ఆయన వయసు 52 ఏళ్లు. గోదావరి డెల్టాలో మూడెకరాల సొంత చేను, పక్కనే మరో నాలుగెకరాలు కౌలు. షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. సెప్టెంబరు రెండో వారంలో మా వార్డుకి తీసుకొచ్చేసరికి జ్వరం మొదలై 23 రోజులు. ఈలోపు ఆ జ్వరానికి మూడు పేర్లు పెట్టారు. మొదట వైరల్ ఫీవర్ అన్నారు. తర్వాత వైడాల్ పరీక్ష పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్ అన్నారు, ఏడు రోజులు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు చేశారు. జ్వరం రెండు రోజులు నెమ్మదించి మళ్లీ ఎక్కింది. దగ్గు మొదలై, ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో నీడ కనపడ్డాక టీబీ అన్నారు. కళ్లె పరీక్షలో టీబీ క్రిమి దొరకలేదు. అయినా టీబీ మందులు మొదలుపెడదామని ఎవరో అంటే, వేసుకునే ముందు ఇంకొకరికి చూపిద్దామని ఆయన తమ్ముడు మా దగ్గరికి తీసుకొచ్చాడు.

ఈ కేసును పూర్తిగా రాస్తున్నాను. ఎందుకంటే ఆయన మా చేతుల్లో ఒకసారి బాగై ఇంటికి వెళ్లి, మూడు నెలల తర్వాత అదే క్రిమితో తిరిగొచ్చారు. ఆ మధ్యలో ఏం జరిగిందో అర్థం కావాలంటే, ఈ బ్యాక్టీరియా మన రక్షక కణాల చేతికి చిక్కి కూడా ఎలా బతుకుతుందో తెలియాలి. అది తెలియకుండా మూడు నెలలు మాత్రలు వేసుకోమంటే ఏ రోగీ వేసుకోడు. వేసుకోవాల్సిన అవసరం ఏమిటో డాక్టర్ కూడా గట్టిగా చెప్పలేడు. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టగల వివరాలు మార్చాను.

చేరిన రోజు

జ్వరం 103. నాడి 124. బీపీ 90/60. ఊపిరి నిమిషానికి 28 సార్లు, ఆక్సిజన్ 91 శాతం. మాట అడిగితే జవాబు చెప్తున్నారు గానీ కళ్లు మూసుకునే ఉన్నారు. రక్తంలో షుగర్ 412, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 11.8. తెల్లకణాలు 17,800, అందులో న్యూట్రోఫిల్స్ 88 శాతం. అంటే సైన్యం తక్కువేం లేదు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

పొట్ట స్కాన్‌లో ప్లీహం నిండా చిన్న చిన్న చీము గడ్డలు, కాలేయంలో ఐదు సెంటీమీటర్ల గడ్డ ఒకటి. దుప్పటి తీసి కాళ్లు చూశాను. ఎడమ మడమ నిలువునా పగిలి ఉంది, పగులు అంచులు నల్లబడ్డాయి. ఎప్పటిది ఇది అని అడిగితే ఆయన భార్య చెప్పారు: "ఊడ్పుల్లో పగిలిందండి. పది రోజులు బురదలోనే ఉన్నారు. రక్తం కారుతుంటే గుడ్డ కట్టుకుని మళ్లీ దిగిపోయారు, ఆయ్. ఎంత చెప్పినా వినలేదండి."

షుగర్ అదుపులో లేని మనిషి, వర్షాకాలం, దమ్ము చేసిన చేలో పగిలిన కాలు, ఊపిరితిత్తిలో నీడ, ప్లీహంలో చీము. ఇవన్నీ ఒకే మనిషిలో కలిసి కనిపిస్తే మన ప్రాంతంలో మెలియాయిడోసిస్‌ను తలుచుకోకుండా ఉండకూడదు. బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు ఇది. దాని ఇల్లు మట్టి, బురద నీరు. వానలకు మట్టి తడిసినప్పుడు పగుళ్ల గుండా ఒంట్లోకి చేరుతుంది. గాలివానలో తుంపరలతో ఊపిరితిత్తులకు వెళ్తుంది. కలుషితమైన నీళ్లు తాగినా వస్తుంది. 2025లో గుంటూరు జిల్లా తురకపాలెం వార్తల్లోకి వచ్చాక ఈ పేరు చాలామంది విన్నారు. అంతకు ముందు మా వార్డులో కూడా ఈ పేరు చెబితే స్పెల్లింగ్ అడిగేవాళ్లు.

నిజానికి ఈ జబ్బును మొదట గుర్తించింది మన పొరుగునే. 1911లో రంగూన్ ఆసుపత్రిలో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్, ఆయన సహాయకుడు సి. ఎస్. కృష్ణస్వామి శవపరీక్షల్లో దీన్ని చూశారు. వందేళ్లు దాటింది. ప్రపంచం మొత్తం మీద ఏటా 1,65,000 మందికి ఈ జబ్బు వస్తోందనీ, 89,000 మంది చనిపోతున్నారనీ 2016లో వేసిన అంచనా. అందులో పెద్ద వాటా దక్షిణాసియాదే. ఇంత పెద్ద అంకెల జబ్బు మన కేసు షీట్లలో ఇంత తక్కువగా కనపడుతోందంటే, అది వేరే పేర్లతో వెళ్లిపోతోందనే నేను అనుకుంటాను. ఈ రోగికి అప్పటికే పెట్టిన మూడు పేర్లలా.

రక్తాన్ని కల్చర్‌కి, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకి, పంపుతూ స్లిప్పు మీద "మెలియాయిడోసిస్ అనుమానం, షుగర్ ఉన్న రైతు" అని రాశాను. ఆ ఒక్క వాక్యం తర్వాత ఎంత పనికొచ్చిందో చెప్తాను.

ల్యాబ్ నుంచి ఫోన్

36 గంటలకు కల్చర్ సీసా పాజిటివ్ అయింది. మర్నాడు యంత్రం ఇచ్చిన రిపోర్టులో "సూడోమోనాస్ జాతి" అని ఉంది. ఆ రిపోర్టు అలాగే నా దగ్గరికి వచ్చి ఉంటే, సూడోమోనాస్‌కి వాడే మందులు రాసేవాడిని. కానీ మైక్రోబయాలజీ మేడమ్ స్లిప్పు చూశారు. చూసి ప్లేట్లు పారేయకుండా ఉంచారు. సాయంత్రం ఫోన్ చేశారు.

"సర్, ఇది సూడోమోనాస్ కాదనిపిస్తోంది. ఆక్సిడేజ్ పాజిటివే. కానీ జెంటామైసిన్ పట్టడం లేదు, కొలిస్టిన్ కూడా పట్టడం లేదు. అగ్మెంటిన్ డిస్క్ చుట్టూ మాత్రం చక్కగా క్లియర్ అయింది."

కల్చర్లు చూసేవాళ్లకు ఈ మూడూ కలిసి రావడం ఎంత విచిత్రమో తెలుసు. మామూలు సూడోమోనాస్‌కి అగ్మెంటిన్ అసలు లెక్కే కాదు, కొలిస్టిన్ అంటే మాత్రం సాధారణంగా లొంగుతుంది. ఇక్కడ అంతా తలకిందులు. చిన్న ల్యాబ్‌లో కూడా, ఖరీదైన యంత్రం లేకుండా, మందు పట్టించిన ఈ మూడు కాగితం బిళ్లలతో, అంటే డిస్కులతో, మెలియాయిడోసిస్‌ను గట్టిగా అనుమానించవచ్చు. యంత్రాలున్న చోట కూడా ఈ క్రిమికి దగ్గరి చుట్టాల పేరు పెట్టి పంపేస్తుంటాయి.

మూడో రోజు ల్యాబ్‌కి వెళ్లి చూశాను. సేఫ్టీ క్యాబినెట్‌లో పెట్టి, మూత తీయకుండా చూపించారు. మొదటి రోజు నున్నగా ఉన్న కాలనీలు అప్పటికి ముడతలు పడ్డాయి. కాచిన పాలు చల్లారితే పైన కట్టే మీగడను చెంచాతో పక్కకు నెడితే ఎలా ముడుచుకుంటుందో అలా ఉన్నాయి. మైక్రోస్కోప్ కింద ఒక్కో బ్యాక్టీరియా రెండు చివరలా రంగు పట్టి, మధ్యలో ఖాళీగా, సేఫ్టీ పిన్నులా ఉంది. ఈ కల్చర్ల నుంచి తడి మట్టి వాసన వస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. ఎవరూ ఆ వాసన చూడబోవద్దు, ఊపిరితో లోపలికి పోయే క్రిమి ఇది.

తిన్నా చావని క్రిమి

ఇప్పుడు ఆ 17,800 దగ్గరికి వద్దాం. అన్ని తెల్లకణాలు ఉండి, అందులో 88 శాతం క్రిముల్ని తినే న్యూట్రోఫిల్సే అయి ఉండి, ఈ మనిషి ఎందుకు ఓడిపోతున్నాడు?

కణాలు క్రిముల్ని తింటాయన్న సంగతిని గట్టిగా ముందుకు తెచ్చింది ఇల్యా మెచ్నికాఫ్. 1882లో ఇటలీలోని మెస్సినాలో, పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్ల ఒంట్లో గులాబీ ముల్లు గుచ్చి ఉంచాడు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ఆ గమనింపే ఆయనకు 1908లో నోబెల్ బహుమతి దాకా దారి వేసింది. అయితే మింగడంతో పని పూర్తి కాదు. మింగిన క్రిమి ఫాగోజోమ్ అనే తిత్తిలో పడుతుంది. కణం ఆ తిత్తిలోకి ఆక్సిజన్ నుంచి తయారైన విషాలు వదులుతుంది. వాటి నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్, దాని నుంచి హైపోక్లోరస్ ఆమ్లం పుడతాయి. వరదలొచ్చాక పంచాయతీ వాళ్లు బావిలో బ్లీచింగ్ పౌడర్ కలిపితే నీళ్లలో క్రిముల్ని చంపేది ఈ ఆమ్లమే. అంటే ఒక్కో న్యూట్రోఫిల్ తన కడుపులో బ్లీచింగ్ తయారుచేసుకుంటుంది. దానికి తోడు జీర్ణం చేసే ఎంజైములున్న సంచులు, లైసోజోముల్లాంటివి, వచ్చి ఆ తిత్తితో కలుస్తాయి. ఆరోగ్యవంతుడి ఒంట్లో చాలా బ్యాక్టీరియా కథ అక్కడితో సరి.

జబ్బు తెచ్చే బ్యాక్టీరియాలన్నీ ఈ దారిలో ఎక్కడో ఒకచోట అడ్డం తిరుగుతాయి. న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్ అసలు చేతికే చిక్కదు, దాని పైన మందపాటి చక్కెర తొడుగు ఉంటుంది. సెగ్గడ్డల స్టెఫైలోకాకస్ ఆరియస్‌కి బంగారు రంగు ఉంటుంది, పేరులో ఆరియస్ అంటే అదే. ఆ రంగు పదార్థం తెల్లకణం వదిలిన విషాన్ని విరిచేస్తుంది. టీబీ క్రిమి మింగించుకుంటుంది గానీ, జీర్ణరసాల సంచి తన తిత్తితో కలవకుండా ఆపుతుంది. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా ఆ తిత్తినే తనకు అనువైన గదిగా మార్చుకుంటుంది.

ఈ బురద క్రిమి దగ్గర వీటిలో చాలా పనులకు సరంజామా ఉంది. అందుకే దీన్ని చూస్తే నాకు భయం.

రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల వరస ఉంటుంది. అవి క్రిమి మీద అతుక్కుని "ఇది తినాల్సింది" అని గుర్తు వేస్తాయి, వీలైతే దాని పొరకు చిల్లు కూడా పెడతాయి. బర్ఖోల్డేరియా పైన ఉన్న క్యాప్సూల్ అనే చక్కెర తొడుగు ఆ గుర్తు సరిగ్గా పడనివ్వదు. పొరకు అంటుకుని ఉన్న పొడవాటి చక్కెర గొలుసులు చిల్లు పెట్టే ప్రోటీన్లను పొర దాకా రానివ్వవు. పైగా ఈ క్రిమి పైపొర మన కణాల్లో అలారం గట్టిగా మోగించదు. అలారం మోగితే మాక్రోఫేజ్ అనే పెద్ద తినే కణం నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసి చంపాలి. ఈ క్రిమి దగ్గర ఆ ఉత్పత్తి నీరసంగానే ఉంటుంది.

సరే, మింగేసిందనుకుందాం. అప్పుడు క్రిమి ఒక సూదిని బయటికి తీస్తుంది. ఇది వర్ణన కాదు, నిజంగానే సిరంజి లాంటి నిర్మాణం. టైప్ త్రీ సిక్రీషన్ సిస్టమ్ అంటారు. దాంతో తిత్తి గోడ గుండా తన ప్రోటీన్లు ఎక్కించి, గోడ చించుకుని బయటపడుతుంది. బ్లీచింగ్ పూర్తిగా తయారయ్యేలోపే, జీర్ణరసాల సంచి వచ్చి కలిసేలోపే అది తిత్తిలోంచి కణం ఒంట్లోకి, సైటోప్లాజంలోకి దూకేస్తుంది. దూకాక తను ఎక్కడుందో దానికి ఎలా తెలుస్తుందో చూడండి. మన కణాల్లో గ్లూటాథయోన్ అనే పదార్థం ఉంటుంది, విషాల నుంచి కణాన్ని కాపాడుకోవడానికి మనం ఉంచుకున్నది. ఆ గ్లూటాథయోన్ తగలగానే "లోపలికొచ్చేశాను" అని గ్రహించి ఇంకో ఆయుధాన్ని, టైప్ సిక్స్ సిస్టమ్‌ను, బయటికి తీస్తుంది. మన రక్షణ కోసం ఉన్న పదార్థమే దానికి ఇంటి చిరునామా చెబుతోంది.

ఆ తర్వాత కణం కదలడానికి వాడుకునే యాక్టిన్ అనే ప్రోటీన్‌ను తన తోక దగ్గర పోగేసుకుంటుంది. పోగేసుకుంటూ ముందుకు జరుగుతుంది, రాకెట్‌కి వెనక పొగ వచ్చినట్టు. కణం అంచు దాకా వెళ్లి పక్క కణంలోకి పొడుచుకుంటుంది. టైప్ సిక్స్ ఆయుధంతో రెండు కణాల గోడల్నీ కలిపేస్తుంది. ఇలా పది, ఇరవై కణాలు ఒకటైపోయి, లోపల అన్ని కేంద్రకాలతో ఒక పెద్ద ముద్దలా కనిపిస్తాయి. ఒక కణం నుంచి ఇంకో కణంలోకి వెళ్లడానికి దానికి రక్తంలోకి రావాల్సిన పనే లేదు. రక్తంలో తిరిగే యాంటీబాడీలు ఎంత ఉన్నా, లోపల జరుగుతున్న ప్రయాణం వాటికి కనపడదు.

ఇంత తెలివైన క్రిమి అయితే గోదావరి జిల్లాల్లో నాట్లు వేసే ప్రతి మనిషికీ రావాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. రాదు. చాలామందికి ఒంట్లోకి చేరినా జబ్బుగా మారదు. మొదటి గంటల్లో న్యూట్రోఫిల్ వేగంగా వచ్చి, వేగంగా మింగి, వేగంగా బ్లీచింగ్ చేస్తే క్రిమి తప్పించుకునేలోపే చస్తుంది. ఆ వేగమే ప్రాణం. షుగర్ అదుపు తప్పిన మనిషిలో న్యూట్రోఫిల్స్ లెక్కకు ఉంటాయి గానీ పనిలో మందగిస్తాయి. గాయం దగ్గరికి ఆలస్యంగా వస్తాయి, మింగడం తక్కువ, విషం తయారీ తక్కువ. మెలియాయిడోసిస్ రోగుల్లో సగానికి పైగా షుగర్ ఉన్నవాళ్లే ఉండటానికి పెద్ద కారణం ఇదే.

దీనికి రెండు వైపుల నుంచి సాక్ష్యం ఉంది. పుట్టుకతోనే ఆ ఆక్సిజన్ విషాలు తయారుచేసే ఎంజైము లోపించిన పిల్లలుంటారు, క్రానిక్ గ్రాన్యులోమేటస్ డిసీజ్ అంటారు. వాళ్లకు ఈ జాతి బ్యాక్టీరియాలంటే ప్రాణగండం. మరోవైపు హెచ్‌ఐవీ. టీబీని అంతగా పెంచే హెచ్‌ఐవీ, మెలియాయిడోసిస్‌కు మాత్రం చెప్పుకోదగ్గ కారణంగా కనపడలేదు. హెచ్‌ఐవీ దెబ్బ కొట్టేది టీ కణాలను. ఇక్కడ తొలి కాపలా న్యూట్రోఫిల్‌ది.

నా రోగి 17,800 అంకె అర్థం అది. కణాలు వచ్చాయి, ఆలస్యంగా వచ్చాయి, మింగాయి, చంపలేకపోయాయి. చంపలేక చచ్చిన న్యూట్రోఫిల్సే ఆ ప్లీహం గడ్డల్లో చీముగా పేరుకున్నాయి.

మొదటి విడత వైద్యం

అనుమానం రాగానే మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. ఇన్సులిన్, సెలైన్, ఆక్సిజన్. రెండు రోజులు బీపీ నిలబెట్టే మందు కూడా అవసరమైంది. స్కాన్ చూస్తూ సూదితో కాలేయం గడ్డలోంచి 60 మిల్లీలీటర్ల చీము తీశాం. ప్లీహంలోవి చిన్నవి, చాలా ఉన్నాయి, వాటి జోలికి వెళ్లలేదు. ఐదో రోజు బీపీ కుదుటపడ్డాక సెఫ్టాజిడిమ్‌కి మార్చాం, ఆరు గంటలకోసారి రెండు గ్రాములు.

ఈ మందు కథ తెలుసుకోదగ్గది. 1989లో థాయ్‌లాండ్‌లోని ఉబోన్ రాట్చథానిలో చేసిన పరీక్ష ప్రచురించారు. అంతకు ముందు మందులతో వంద మందిలో 74 మంది చనిపోతుంటే, సెఫ్టాజిడిమ్‌తో ఆ సంఖ్య 37కి దిగింది. ఒక్క మందు మార్పుతో మరణాలు సగమయ్యాయి. ఈ రోగికి మొదట ఇచ్చిన సెఫ్ట్రియాక్సోన్ కూడా అదే కుటుంబం మందు. ల్యాబ్ ప్లేట్ మీద పనిచేస్తున్నట్టు కనపడుతుంది, కానీ రోగి దగ్గరికొచ్చేసరికి ఫలితం నాసిగా ఉంటుంది.

మూడో రోజుకి జ్వరం ఎందుకు తగ్గలేదని ఇంట్లోవాళ్లకు టెన్షన్. మందు పనిచేయడం లేదని రిఫరల్ అడిగారు. ఈ జబ్బులో సరైన మందు పడ్డా జ్వరం దిగడానికి తొమ్మిది పది రోజులు పట్టడం మామూలే, లోపల గడ్డలుంటే ఇంకా ఎక్కువ. ఆ సంగతి తెలియక మధ్యలో మందులు మార్చేవాళ్లు చాలామంది. మేం మార్చలేదు. 11వ రోజు జ్వరం పోయింది. వారానికి తీసిన రక్తం కల్చర్ నెగెటివ్ వచ్చింది. గడ్డలున్నాయి కాబట్టి నాలుగు వారాలూ ఇంజెక్షన్లు పూర్తి చేసి, అక్టోబరు మధ్యలో ఇంటికి పంపాం.

పంపేటప్పుడు కోట్రైమాక్సజోల్ డబుల్ స్ట్రెంత్ మాత్రలు రాశాను, పొద్దున రెండు, రాత్రి రెండు, మూడు నెలలు. బరువు 61 కిలోలు, ఆ బరువుకి డోసు అదే. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు ఈ మందుతో ఎర్రకణాలు చితికిపోవచ్చు కాబట్టి, ఆ పరీక్ష చేసి చూశాకే మొదలుపెట్టాం. బీపీకి వాడుతున్న టెల్మిసార్టాన్ ఈ మందుతో కలిస్తే పొటాషియం పెరుగుతుంది కాబట్టి అది మార్చాను. షుగర్‌కి వాడుతున్న గ్లిమెపిరైడ్ ఆపేశాను, రెండూ కలిస్తే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. రోజుకో ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాశాను.

ఈ ఫోలిక్ ఆమ్లం గురించి ఒక మాట. కోట్రైమాక్సజోల్ చేసేదల్లా బ్యాక్టీరియాకు ఫోలేట్ తయారీ ఆపడం. ఆ క్రిమి తన ఫోలేట్ తనే తయారుచేసుకోవాలి, మనం తిండిలోంచి తెచ్చుకుంటాం. అందుకే మందు దాన్ని చంపుతున్నా, మనిషికి విడిగా ఫోలిక్ ఆమ్లం ఇచ్చి కాపాడుకోవచ్చు. 1940లలో అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఈ మాత్ర రాసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు.

మందుల లెక్క అంతా సరిగ్గానే ఉంది. నేను సరిగ్గా చేయనిది వేరే. ఎందుకు మూడు నెలలో ఆయనకు చెప్పలేదు. "మానొద్దు, మానితే తిరగబెడుతుంది" అని మాత్రమే అన్నాను. డిశ్చార్జ్ రోజు వార్డు కిటకిటలాడుతోంది, ఆయన తల ఊపారు, నేను తర్వాతి మంచానికి వెళ్లిపోయాను.

సంక్రాంతి తర్వాత

జనవరి చివర్లో ఎడమ మోకాలు కుండలా వాచి, కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. భోగి నాటి నుంచి నొప్పి అన్నారు. జ్వరం 101. నొప్పి మాత్రలు వేస్తూ, కాపడం పెడుతూ పండగ గడిపేశారు.

మాత్రల సంగతి అడిగితే ఆయన భార్య ముఖం చూశారు. ఆమే చెప్పారు: "రెండు వారాలు మీరు రాసినట్టే వేశామండి. వాంతొచ్చేలా ఉంటందని, తిండి సరిగా తినట్లేదని ఊళ్లో చూపించాం. ఇంత డోసు ఎవరిస్తారు, పొద్దునొకటి రాత్రొకటి చాలన్నారు. అలా ఓ నెల వేశారు. ఒళ్లు బాగైపోయింది, కోతలకు కూడా వెళ్లారు. ఇంక ఎందుకులే అని మానేశారండి, ఆయ్."

మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కి ఇచ్చే డోసు పూటకు ఒకటే. ఆ అలవాటుతోనే ఊళ్లో చూసినతను తగ్గించి ఉంటాడు. నా చీటీలో డోసు ఉంది, జబ్బు పేరు ఉంది, ఈ డోసు ఎందుకన్నది లేదు. ఉంటే అతను ఆగి ఆలోచించేవాడేమో.

మోకాల్లోంచి తీసిన చీములో అదే బర్ఖోల్డేరియా. మందులకు లొంగే తీరు కూడా మునుపటిదే. కోట్రైమాక్సజోల్‌కి డిస్కు చదవడం తికమకగా ఉంటుంది కాబట్టి, ఎంత మందుకు క్రిమి ఆగుతుందో పట్టీతో కొలిచే ఈ-టెస్ట్ చేయించాం, లొంగుతోంది. క్రిమి మందుకు మొండికేయలేదన్నమాట. మళ్లీ చేలోంచి కొత్తగా ఎక్కిందేమో అన్న ప్రశ్న న్యాయమైనదే, జన్యు పరీక్ష లేకుండా నూటికి నూరు పాళ్లు చెప్పలేం. కానీ మందు తగ్గించి, మధ్యలో మానేసిన తీరు, మానేసిన ఏడు వారాలకే తిరిగి రావడం చూస్తే ఇది పాతదేనని నా నిర్ణయం. మెలియాయిడోసిస్ తిరగబెట్టడానికి ముఖ్య కారణం ఎప్పుడూ ఇదే, రెండో దశ మాత్రలు పూర్తి చేయకపోవడం.

సెఫ్టాజిడిమ్ రక్తంలో, చీము అంచుల్లో, పెరుగుతున్న క్రిముల్ని బాగా చంపుతుంది. మన కణాల లోపలికి మాత్రం ఈ కుటుంబం మందులు సరిగ్గా చొరబడవు. అదీగాక గోడ కడుతున్న క్రిమినే అవి చంపగలవు. కణం లోపల మందకొడిగా పడి ఉన్న క్రిమికి కట్టే గోడే లేదు. జ్వరం తెప్పించేది బయట పెరిగే క్రిమి, అది చావగానే జ్వరం పోతుంది, తూకం పెరుగుతుంది, మనిషి కోతలకు వెళ్తాడు. లోపలిది అలాగే ఉంటుంది. కోట్రైమాక్సజోల్ కణాల్లోకి చక్కగా వెళ్తుంది. ఆ మూడు నెలల మాత్రలు లోపలి క్రిమి కోసమే. వియత్నాం యుద్ధం నుంచి తిరిగెళ్లిన అమెరికా సైనికుల్లో కొందరికి ఏళ్లు గడిచాక ఈ జబ్బు బయటపడింది. అన్నాళ్లూ అది ఒంట్లోనే ఉంది.

ఈసారి కీళ్ల డాక్టర్ మోకాలు రెండుసార్లు కడిగారు. ఎంఆర్‌ఐలో కాలి ఎముక పైకొనకు కూడా పట్టిందని తేలింది. దాంతో లెక్క పెరిగింది. ఇంజెక్షన్లు ఆరు వారాలు, మాత్రలు ఆరు నెలలు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం, వార్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఆయన మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. కేసు షీటు వెనక ఒక పెద్ద సున్నా గీసి, ఇది మీ తెల్లకణం అన్నాను. లోపల చిన్న సున్నా, అది తిత్తి. తిత్తిలో చుక్కలు. తర్వాత తిత్తి గీతను ఒకచోట చెరిపి, చుక్కల్ని బయటికి తెచ్చి పెట్టాను. పక్కన ఇంకో సున్నా గీసి, రెంటి మధ్య గోడ కొట్టేశాను. ఆయన కాగితం తీసుకుని చాలాసేపు చూశారు.

"తుంగ అన్నమాట," అన్నారు. "పైన ఎంత కోసినా చేను శుభ్రంగా కనబడద్ది. గడ్డ లోపలే ఉంటది. తడి తగిలితే మళ్లీ లేస్తది."

ఇన్నేళ్లలో నేను చెప్పిన ఏ వివరణా అంత బాగా లేదు. అప్పటి నుంచి ప్రతి రోగికీ తుంగ గడ్డ అనే చెప్తున్నాను. రైతులకు రెండో మాట అక్కర్లేదు.

చీటీ రాసే పద్ధతి కూడా మార్చాను. మందు పేరు కింద తెలుగులో రాస్తున్నాను: "మెలియాయిడోసిస్‌కు పూర్తి డోసు. తగ్గించవద్దు. ఇబ్బంది ఉంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి." వికారానికి మందు ముందే ఇస్తున్నాం, మాత్రలు తిన్నాకే వేయమంటున్నాం. మొదటి నెల వారానికోసారి క్రియాటినిన్, పొటాషియం, రక్తకణాల లెక్క చూస్తున్నాం. ఒంటి మీద దద్దుర్లు వస్తే ఆ రోజే రమ్మంటున్నాం, ఈ మందుతో దద్దుర్లు తేలిగ్గా తీసుకునేవి కావు. షుగర్ గురించి కూడా మునుపటిలా "తగ్గించుకోండి" అని వదలడం లేదు. అది తగ్గకపోతే న్యూట్రోఫిల్ మళ్లీ ఆలస్యంగానే వస్తుంది.

జులైలో చూపించుకోవడానికి వచ్చారు. మోకాలు పూర్తిగా వంగడం లేదు గానీ కర్ర లేకుండా నడిచారు. హెచ్‌బీఏ1సీ 7.1. ఆయన భార్య సంచిలోంచి ఖాళీ అయిన మాత్రల అట్టలన్నీ రబ్బరు బ్యాండు వేసి తెచ్చారు, వాటితో పాటు గోడ క్యాలెండరు కూడా. మార్చి నుంచి ప్రతి తేదీ మీదా రెండు గీతలు. మేలో ఒకచోట ఒక్కటే గీత ఉంది. పెళ్లికెళ్లి మాత్రలు మర్చిపోయారట, ఆ రాత్రి ఆటో కట్టించుకుని ఇంటికొచ్చి తెల్లారేలోపు వేశారట.

ఊడ్పుల సంగతి అడిగాను. కౌలు నాలుగెకరాలు వదిలేశారు. సొంత మూడెకరాల్లో బురదలోకి తమ్ముడు దిగుతున్నాడు, అతనికి షుగర్ లేదు, పరీక్ష చేయించాం. బూట్లు ఇస్తే దమ్ము చేలో దిగబడిపోయి కాలు పైకి రావడం లేదన్నారు. నాట్లు వేసేవాళ్లందరిదీ అదే ఇబ్బంది, దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. పగుళ్లున్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు దిగకుండా ఉండటం, మిగతావాళ్లు పొద్దుపోయాక కాళ్లు సబ్బుతో కడుక్కుని పగుళ్లు మానేదాకా కట్టు కట్టుకోవడం, ఇంతవరకే చెప్పగలిగాను. ఆయన మాత్రం గట్టు దాటడం లేదు. బూట్లు గట్టు మీద నీళ్లు కట్టడానికి వాడుతున్నారు.

సెప్టెంబరు రెండో వారంలో మాత్రలు పూర్తవుతాయి. ఆ రోజు మోకాలి ఎక్స్‌రే, పొట్ట స్కాన్, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ వాపు ఇంకా ఉందేమో చూసే సీఆర్‌పీ రక్తపరీక్ష చేయాలి. ఆ తర్వాత ఏడాది పాటు మూడు నెలలకోసారి రమ్మన్నాను. జ్వరం వస్తే ఎక్కడికెళ్లినా చూపించమని, ఆ సున్నాల బొమ్మ వెనక పెద్ద అక్షరాలతో జబ్బు పేరు రాసిచ్చాను. ఆమె దాన్ని క్యాలెండరు మధ్యలో పెట్టి మడిచారు.